పచ్చ దీపం వెలిగినా కదలని కుక్క

జెద్దాలో నన్ను డ్రైవరుగా పెట్టుకున్న యజమాని, అంటే మా కఫీల్ ఇంటి గేటు దగ్గర నిలబడితే రోడ్డుకు అవతల మసీదు కనిపిస్తుంది. ఇమాము మైకులో గొంతు సవరించుకున్నా వినిపిస్తుంది. కారులో వెళ్ళాలంటే మాత్రం యూటర్న్ కోసం నాలుగు కిలోమీటర్లు తిరిగి రావాలి. కఫీల్ తండ్రికి షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాయి. ఆయన్ను ప్రతి నమాజుకూ నేనే కారులో తీసుకెళ్ళేవాణ్ణి. చేరేసరికి నమాజులో మొదటి వంతు, మొదటి రకాతు అయిపోయేది. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

"నేనేమన్నా మూటనా? నా నమాజుకు నేనే నడిచి పోతా" అనేవాడు.

అందుకని పైదేశం నుంచి ఒక కుక్కను తెప్పించారు. గుడ్డివాళ్ళకు దారి చూపే చదువు చదివిన కుక్క. దానితో వచ్చిన శిక్షకురాలు పది రోజులుండి, దాన్ని నడిపించే పద్ధతి నాకూ పెద్దాయనకూ నేర్పి వెళ్ళిపోయింది. రోజూ సాధన చేయించడం నా వంతు.

నేను కడప మదర్సాలో ఎనిమిదేళ్ళు చదివినవాణ్ణి. కుక్క చొంగ తగిలిన బట్టతో నమాజు చేయరాదు. మొదటి రోజు నాలుగు జతలు మార్చాను. మసీదు ఇమామును అడిగితే, "గుడ్డివాడికి దారి చూపే జంతువును అవసరం కొద్దీ ఉంచుకోవచ్చు. మసీదు బయట స్తంభానికి కట్టండి. చొంగ తగలకుండా చూసుకో" అన్నాడు. చూసుకోవడానికి నాకు తోచిన ఉపాయం ఒకటే. మెడ నుంచి మడమల దాకా వచ్చే రెయిన్‌కోటు కొన్నాను. సాయంత్రం అసర్ నమాజు తర్వాత, నలభై మూడు డిగ్రీల ఎండలో, దాన్ని తొడుక్కుని కుక్కతో జీబ్రా గీతల దగ్గర నిలబడేవాణ్ణి.

పక్కింట్లో డ్రైవరు రాయచోటివాడు. రోజూ గేటుకు ఆనుకుని చూసేవాడు.

"ఏం మౌల్సాబూ, వానొచ్చాదని ఎవురు జెప్పినారు? కుక్కా?"

"నీ పని నువ్వు చూసుకో భాయ్."

"నా పని ఇదే కదప్పా. ఊర్లో ఇంత సినిమా యాడ దొరుకుతాది?"

సినిమా ఏమంటే, కుక్క కదిలేది కాదు. సిగ్నల్లో మనిషి బొమ్మ పచ్చగా వెలిగేది. ముందుకు పొమ్మనేవాణ్ణి. అది నా కాళ్ళకు అడ్డంగా నిలబడేది. ఒకరోజు పదకొండుసార్లు పచ్చ దీపం వచ్చి పోయింది. ప్రమాదం ఉంటే మాట వినకపోవడమే దాని చదువని శిక్షకురాలు చెప్పింది నిజమే. కానీ మా మదర్సాలో మాట విననివాడికి బెత్తం పడేది, పట్టా కాదు. ఇది మొండిదని తేల్చేశాను. కఫీల్ పిరికిదని తేల్చాడు.

"గురువారం వెనక్కి పంపేస్తున్నా. నాన్న కారులోనే పోతాడు" అన్నాడు.

పెద్దాయన తస్బీహ్ పూసలు తిప్పడం ఆపేశాడు. "ఒక్కసారి పరీక్ష పెట్టు" అన్నాడు కొడుకుతో. ఆ గొంతు విని నేను తల వంచుకున్నాను. ఆజ్ఞాపించడం అలవాటైన మనిషి, అడుగుతున్నాడు.

కఫీల్ నా వైపు తిరిగాడు. "అయితే బుధవారం నువ్వు కళ్ళకు గంతలు కట్టుకుని దాంతో దాటు. నీకేం కాకపోతే నాన్న వెళ్ళొచ్చు."

బుధవారం ఎర్ర గళ్ళ రుమాలు కళ్ళకు కట్టుకుని, రెయిన్‌కోటులో ఉడికిపోతూ నిలబడ్డాను. సిగ్నల్ దగ్గర పెద్దాయన, వెనక రాయచోటి భాయ్. కఫీల్ ఆఫీసు నుంచి వస్తున్నానని ఫోన్ చేశాడు.

"పచ్చ పడింది మౌల్సాబూ, పో!"

ముందుకు అన్నాను. కుక్క అడ్డం తిరిగింది. పట్టీ గుంజాను. ఒళ్ళంతా బరువు పెట్టి నన్ను వెనక్కి తోసింది. ఆ క్షణమే నా రెయిన్‌కోటు అంచును రాసుకుంటూ ఒక కారు కుడివైపు మలుపు తిరిగి దూసుకుపోయింది. కొంత దూరంలో బ్రేకు కీచుమంది. రుమాలు తీసి చూశాను. కఫీల్ కారే. పరీక్ష చూద్దామని తొందరలో వచ్చాడట.

దిగి వచ్చాడు. "ఎందుకు ఆగింది?"

రాయచోటి భాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను కారు వైపు చూశాను. అతనూ చూశాడు.

"దాన్ని నువ్వు తప్పు పట్టావు," అన్నాడు పెద్దాయన. "అది పట్టింది నీ తప్పును."

అప్పుడర్థమైంది. ఆ మలుపులో కార్లు దీపం చూసి ఆగవు. పదమూడేళ్ళుగా నేనూ అక్కడ బ్రేకు తొక్కలేదు. కుక్క దీపాన్ని కాదు, మాలాంటి డ్రైవర్లను చూసి ఆగుతోంది. గంతలు మళ్ళీ కట్టుకున్నాను. మలుపు ఖాళీ అయ్యాక అదే నన్ను అవతలికి తీసుకెళ్ళింది. గురువారం దాన్ని ఎవరూ వెనక్కి పంపలేదు.

శుక్రవారం పెద్దాయన అత్తరు పూసుకుని, పట్టీ పట్టుకుని బయల్దేరాడు. ఐదడుగుల వెనక నేను.

"వెనక రావద్దు. నీ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు.

ఆగిపోయాను. పచ్చ దీపం వెలిగింది. ఇద్దరూ కదల్లేదు. మలుపు తిరిగే కార్లు హారన్లు కొట్టాయి, కదల్లేదు. రెండోసారి వెలిగాక మెల్లగా దిగారు. వాళ్ళు అవతలి గట్టు చేరేదాకా ఆపద రాకుండా చదివే ఆయతుల్ కుర్సీ చదువుతూనే ఉన్నాను. చివర దువా చేసేటప్పుడు కుక్కను కూడా కలిపేశాను. కలపవచ్చో లేదో ఇమామును ఇంకా అడగలేదు.