లింబాద్రి అడిగిన బుధవారం టికెట్

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. తణుకులో మా మేనత్త ఒకావిడ ప్రతి చావు తర్వాతా ఎవరో కిటికీ దగ్గర నిలబడ్డారని చెప్పేది. "కళ్ళజోడు మార్పించుకో అత్తయ్యా" అనేదాన్ని. ఇప్పటికీ నేను తాయెత్తు కట్టుకోలేదు, దిష్టి తీయించుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

నేను దోహాలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొట్టే పని చేస్తాను. పదకొండేళ్ళయింది. యజమాని కేరళ ఆయన. నాతోపాటు గ్రేస్ అని ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఒక నేపాలీ అతను కౌంటర్లలో కూర్చుంటారు. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, తేదీ సరిపోతే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మా వృత్తిలో అంతకు మించి వేదాంతం లేదు.

ఈ మధ్య ఇక్కడివాళ్ళకి మధ్య ఆసియా పిచ్చి పట్టింది. ఈద్ సెలవులు వస్తున్నాయంటే చాలు, నాలుగు రోజులు అల్మటీ, అక్కడి నుంచి కారులో బిష్కెక్, లేదంటే విమానంలో తాష్కెంట్. దోహా పక్కన లుసైల్ ఆఫీసుల్లో పనిచేసే కుటుంబాలు కొండలు చూడాలని, మంచు ముందు ఫొటోలు దిగాలని వస్తారు. ఆ ఊళ్ళు నేను చూడలేదు. కానీ ఏ గేటు దగ్గర కారు దిగాలో, ఎక్కడ సంచి చేత్తో పట్టుకుని నడవాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వెళ్ళని ఊళ్ళకు దారి చెప్పి బతికే జాతి మాది.

లింబాద్రి మొదటిసారి వచ్చింది బక్రీదుకు నెలన్నర ముందు. ఊరు ఆర్మూర్ దగ్గర. గ్యాస్ ప్లాంట్లుండే రాస్ లఫాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పరంజాలు కట్టే పని, ఉండేది అల్ ఖోర్ లేబర్ క్యాంపులో. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నా బిడ్డ బిష్కెక్‌ల డాక్టర్ సదువుతుంది మేడమ్. నాలుగేండ్లాయె మొకం చూడక. నాకు సుట్టి దొరికినప్పుడు దానికి దొరకది. ఈద్‌కు నాలుగొద్దులున్నయ్. పోయి ఒక్క పూట కూసొని వస్త."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆయనకు కొండలూ అక్కర్లేదు, మంచూ అక్కర్లేదు. ఆ రోజుల్లో నేరుగా బిష్కెక్ వెళ్ళడానికి విమానాలు కుదరలేదు. అల్మటీ దాకా విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి షేర్ కారులో సరిహద్దు దాటాలి. కజకిస్తాన్‌లో కొద్దిరోజులుండడానికి మనకు వీసా అవసరం లేదు, కిర్గిజ్‌స్తాన్‌కు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఇదంతా కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. సరిహద్దు దగ్గర అందరూ కారు దిగి నడవాలంటే ఆయన కంగారుపడ్డాడు. "ఆడ మనోళ్ళెవరన్న ఉంటరా?" అని రెండుసార్లు అడిగాడు. నవ్వొచ్చింది నాకు.

పది రోజుల తర్వాత, కంపెనీ సెలవు కాగితం చేతికొచ్చాక మళ్ళీ వచ్చాడు. సీట్లు లేవని చెప్పాను.

అది అబద్ధం.

ఈద్‌కు చాలా ముందే మేం గుంపుగా సీట్లు పట్టిపెట్టుకుంటాం. కొనేవాళ్ళు ఇంకా ఉండరు కాబట్టి తోచిన పేర్లు వేసి, అసలు మనుషులు దొరికాక మారుస్తాం. నేను మావాళ్ళ పేర్లే వేసేదాన్ని. ఆ జాబితా ప్రకారం మా మేనమామ, ఇద్దరు తోడికోడళ్ళు, జన్మలో తణుకు దాటని మా పెద్దమ్మ ఆ ఈద్‌కు అల్మటీ వెళుతున్నారు. ఆ సీట్లు హోటల్‌తో కలిపి కొనే కుటుంబాలకేనని, ఒంటరిగా వచ్చే లేబర్‌కి ఇవ్వొద్దని యజమాని మాట. నాకూ అది తప్పుగా అనిపించలేదు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

"ఒక్కటి సుత లేదా మేడమ్?"

"లేదండీ. ఫుల్."

మా పెద్దమ్మ పేరున్న సీటును ఎవరూ కొనలేదు. ఆ విమానం ఖాళీ సీటుతోనే ఎగిరింది. కొనేవాళ్ళు లేరని వారం ముందే నాకు తెలుసు. లింబాద్రి ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. ఈద్ హడావుడిలో గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ గుర్తొచ్చింది. వీసా పని కూడా నెత్తి మీద పడుతుందని ఊరుకున్నాను.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఆయన మళ్ళీ వచ్చాడు. నా మీద కోపమేమీ లేదు, అదే నాకు చిరాకు పుట్టించింది. అక్టోబర్‌లో ఆరు రోజుల సెలవు దొరికిందన్నాడు. ఈసారి టికెట్ కొట్టాను, వీసా తెప్పించాను. "బిడ్డకు ఇప్పుడే చెప్ప. పోయినంక చెప్త" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ప్రయాణానికి ఇంకా రెండు వారాలుండగా, సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం వచ్చాడు. జుమ్మా నమాజు తర్వాత మేం నాలుగింటికి షాపు తెరుస్తాం. ఆయన నా ముందుకు వచ్చేసరికి నాలుగూ నలభై. ఫారం మీద ఆ టైమ్ నేనే వేశాను.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా లేదు. కంపెనీ కవరాల్ మీదే ఉన్నాడు, మోకాళ్ళ దగ్గర తెల్లటి దుమ్ము. సెలవు రోజు డ్యూటీ బట్టలేంటా అనుకున్నాను. బయట ఉక్కకి అందరూ తడిసి ముద్దయి వస్తుంటే ఆయన నుదుటి మీద చుక్క చెమట లేదు. ఇది తర్వాత కల్పించుకున్నది కాదు. మంచినీళ్ళు తాగుతారా అని అడగబోయి, అక్కర్లేదనిపించి మానేశాను.

"నేను పోను మేడమ్. నా టికెట్ తీసెయ్. బిడ్డను ఇంటికి తోలు."

బుధవారం పొద్దున హైదరాబాదు వెళ్ళే విమానం కావాలన్నాడు. అంటే ఆ అమ్మాయి మంగళవారం బిష్కెక్ నుంచి కారులో అల్మటీకి వచ్చి, దోహాలో విమానం మారాలి. ఆ బుధవారం విమానం నిండిపోయి ఉంటుందని, గురువారం చూస్తానని అన్నాను.

"బుధారమే. సీటుంటది, సూడు" అన్నాడు. చూస్తే ఒక్కటి ఉంది.

మా ఆఫీసులో మార్పు కోరినవాళ్ళు తమ చేత్తోనే ఫారం రాయాలి. తెలుగులో రాసినా, అరబీలో రాసినా సరే. నేనలా చెప్పలేదని తర్వాత ఎవరూ గొడవ చేయకుండా యజమాని పెట్టిన పద్ధతి. లింబాద్రి నిలబడే రాశాడు. కూతురి పేరు శిరీష, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, ఫోన్ నంబరు. ఫోన్ తీయలేదు, చీటీ చూడలేదు. తండ్రికి అన్నీ నోటికొచ్చే అనుకున్నాను. ఆయన టికెట్ రద్దు చేసి, ఆ సొమ్ములోనే సర్ది అమ్మాయి టికెట్ కొట్టి, ఆ ఫోన్‌కు పంపించాను. తలెత్తేసరికి ఆయన లేడు. పని అయిపోయాక చెప్పకుండా వెళ్ళేవాళ్ళు రోజుకు పదిమంది ఉంటారు.

శనివారం ఉదయం శిరీష ఫోన్ చేసింది. కోపంగా ఉంది.

"నన్ను అడగకుండా టికెట్ ఎట్ల చేస్తరు? ఇక్కడ క్లాసులు నడుస్తున్నయ్. మా నాన్న ఫోన్ బంద్ వస్తుంది."

"మీ నాన్నగారే నిన్న వచ్చి చేయించారమ్మా. ఆయన్నే అడుగు" అని పెట్టేశాను.

ఆ సాయంత్రం గంగాధర్ అనే మనిషి వచ్చాడు. క్యాంపులో లింబాద్రి రూమ్‌మేట్, ఊరు మెట్‌పల్లి. అక్టోబర్ టికెట్ రద్దు చేసి ఇంటివాళ్ళకు డబ్బు వెనక్కి ఇస్తారా అని అడిగాడు. ఎందుకన్నాను.

"లింబాద్రన్న సచ్చిపోయిండు మేడమ్. బేస్తారం నాడు డ్యూటీ దిగి బస్‌ల కూసున్నడు. కిటికీకి తల ఆనిచ్చి పండుకున్నడనుకున్నం. క్యాంపు కాడ అందరం దిగినం, ఆయన దిగలే."

గురువారం సాయంత్రం అది. నిన్న ఇక్కడికి వచ్చాడు కదా అన్నాను. గంగాధర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. శవం గురువారం చీకటి పడకముందే ఆసుపత్రి మార్చురీకి వెళ్ళింది, వెంట వెళ్ళింది తనే. ఫారం తీసి చూపించాను. చాలాసేపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "రాత అన్నదే" అన్నాడు. వీసా తెప్పించినప్పుడు ఆయన రాసిచ్చిన పాత ఫారంతో పక్కపక్కన పెట్టి చూశాను. నేను నిపుణురాలిని కాను, నాకు తేడా కనపడలేదు.

గ్రేస్‌ని అడిగాను. దుమ్ము బట్టల్లో ఉన్న మీ దేశం పెద్దాయన కదా, చూశానంది. కెమెరా రికార్డు తీద్దామన్నాను. యజమాని నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, వద్దు, ఇది షాపు అన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. వారం తిరిగేసరికి అది చెరిగిపోయింది.

అన్నిటికన్నా నీచమైన సంగతి ఏమిటంటే, కంపెనీ ఇంటికి అప్పటిదాకా చెప్పలేదు. ఆర్మూర్‌లో భార్యతో ఒంట్లో బాగోలేదని మాత్రం అన్నారట. కాగితాలు తయారయ్యేదాకా ఎవరూ నోరు విప్పొద్దని క్యాంపు బాసు హెచ్చరించాడట. మనిషి పోయాక కూడా ఆ చావు వార్తకు సెలవు మంజూరు కావాలి ఇక్కడ. మా షాపులోంచే గంగాధర్ శిరీషకు ఫోన్ చేశాడు. నేను లేచి అవతలికి వెళ్ళిపోయాను, నాకు అక్కడ నిలబడే మొహం లేదు.

మంగళవారం మధ్యాహ్నం గంగాధరే మళ్ళీ ఫోన్ చేశాడు. కాగితాలన్నీ అయ్యాయని, పెట్టెను బుధవారం పొద్దున హైదరాబాదు విమానంలో కంపెనీ పంపుతోందని చెప్పాడు. ఏ విమానమని మూడుసార్లు అడిగాను. అదే. లింబాద్రి నా చేత కొట్టించిన విమానమే. గంగాధర్ తప్ప కంపెనీలో ఆ టికెట్ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, అతనూ ఎవరితో అనలేదట.

బుధవారం ఉదయం, విమానం మారే చోట కూర్చుని శిరీష నాకు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

"ఆంటీ, నా పాస్‌పోర్ట్ నంబర్ మీకెవరిచ్చిన్రు?"

"మీ నాన్నగారు రాశారమ్మా. ఫారం నా దగ్గరుంది."

"మా నాన్న దగ్గర ఉన్నది పాతది ఆంటీ. అది పోగొట్టుకున్న. తిడ్తడని చెప్పలే. కొత్తది వచ్చి పది రోజులే అయింది. ఇంట్ల ఎవ్వరికీ తెల్వది. టికెట్ మీద కొత్త నంబరుంది."

ఫారం తీసి ఆ నంబరును మళ్ళీ చూశాను. ఈలోగా తనే అడిగింది. "ఈద్‌కు వస్తనన్నడు. సీట్లు దొరకలేదన్నడు. నిజంగ వద్దామనుకున్నడా ఆంటీ?"

అప్పుడు కూడా తప్పించుకోవచ్చు. అవునమ్మా, ఫుల్‌గా ఉండింది అంటే సరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా చెప్పాను. "సీటుందమ్మా. నేనే లేదన్నాను. ఆయన రెండుసార్లు వచ్చి అడిగాడు."

అవతల విమానాశ్రయం మైకు మాటలు వినపడుతున్నాయి. తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"సీట్లు లేవంటే నేను నమ్మలే. అబద్ధాలకోరువి అన్న నాన్నను" అంది. "గప్పటిసంది మాట్లాడలే ఆంటీ."

విమానం పిలిచారు, లైన్ కట్ అయింది. ఒకే విమానంలో ఆ ఇద్దరూ ఇంటికి వెళ్ళారు, తను పైన సీట్లో, ఆయన కింద సామాను అరలో. తర్వాత ఆ అమ్మాయి నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

గుండె జబ్బనీ, ఎండదెబ్బనీ చావుకు ఏదో ఒక కారణం రాసే ఉంటారు. మిగతా దానికి కారణం రాయడం నా వల్ల కావడం లేదు. ఎప్పుడో చూసిన మనిషిని శుక్రవారం చూశాననుకుని భ్రమపడ్డానేమో అనుకుందామంటే, గ్రేస్ చూసింది. గంగాధరే వచ్చి రాశాడేమో అనుకుందామంటే, ఆ కొత్త నంబరు అతనికీ తెలియదు. ఎన్ని రకాలుగా చూసినా ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నాను.

ఇంకొకటి నన్ను నిద్రపోనివ్వదు. ఆ శుక్రవారం గ్రేస్ ముందు ఎవరూ లేరు. నేపాలీ అతని ముందూ ఎవరూ లేరు. "ఇటు రండి" అని గ్రేస్ చెయ్యి ఊపి పిలిచిందట కూడా. నా ముందు ఇద్దరు ఉన్నారు. ఆయన వెళ్ళి వాళ్ళ వెనకే నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగాడు.