బ్లీచింగు పొడి పొట్లం

మొన్న ఆదోనిలో మా ఇంట్లో, రెండో తరగతి చదువుతున్న మా మనవరాలు బడిలో కొత్తగా నేర్పిన చేతులు కడుక్కునే పాటను సబ్బు నురగతో సహా ఇల్లంతా తిప్పి పాడి, చివరికి నా ముందుకొచ్చి నిలబడి, అవ్వా నీ చేతులు చూపించు అని హుకుం జారీ చేసింది. చాచాను. గోళ్ళు చూసి, అరచేతులు తిప్పి చూసి, పాస్ అని ప్రకటించి పరుగెత్తింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ నోరు సహకరించలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరివాళ్ళ పిల్లల చేతులు పరీక్షించిన దాన్ని, టీచరునయ్యాక నా చేతులు చూపించమని అడిగిన వాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ప్రార్థన కాగానే వరుసగా చేతులు చాచి నిలబడటం, గోరు కాస్త పెరిగి ఉంటే వేళ్ళ మీద టీచరు స్కేలు అంచు పడటం. మీరు ఆ వరుసలో నిలబడే ఉంటారు, నేను స్కేలు పట్టుకున్న వైపు కూడా నిలబడ్డాను. ఇప్పుడు దాచడమెందుకు, ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టి నా ముఖం వంకే చూస్తుంటే, ఇరవై మూడేళ్ళ వయసులో నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మొదటి ఉద్యోగం ఎమ్మిగనూరులో, నేతపనివాళ్ళ వీధిలోని బడిలో వచ్చింది. మా నాన్న ఆదోనిలో గుమాస్తా, మాది తెల్లగా ఉతికిన గుడ్డల కొంప, కాబట్టి ఆ వీధిని ఉద్ధరించడానికే నన్ను అక్కడికి వేశారని గట్టిగా నమ్మాను. బడి ముందు నుంచే మురుగుకాలువ పారేది, అందులో ఒకరోజు ఎర్రనీళ్ళు, ఒకరోజు నల్లనీళ్ళు. నూలుకు రంగు వేసే ఇళ్ళ నుంచి వచ్చే నీళ్ళవి. నేను కట్టుకునే చీరల రంగు కూడా ఆ ఇళ్ళలోదేనని నాకు తట్టలేదు.

అలా రంగులు వేసే ఇంటి నుంచి నాలుగో తరగతికి ఒక పిల్ల వచ్చేది. బడికి రాకముందే తల్లితో కలిసి చిలపలుగా చుట్టి కట్టిన నూలును వేడి రంగునీళ్ళలో ముంచి, పిండి, ఆరవేసి వచ్చేది. మణికట్టు దాకా చేతులు నల్లగా, గోళ్ళ సందుల్లో ఇంకా నల్లగా ఉండేవి. తెలివైన పిల్ల, ఎక్కాలు ఎక్కడడిగినా తడుముకోదు, అయినా నాకు ఆ చేతులే కనిపించేవి. అది మురికి కాదని కనుక్కోవడానికి ఆ ఇంటి గడప తొక్కితే సరిపోయేది, నేను తొక్కలేదు. రోజూ ఆ పిల్లను కుళాయి దగ్గరికి పంపి, ఇటుకపొడితో రుద్దించి, తక్కినవాళ్ళ చేత పరిశుభ్రత పాట పాడించేదాన్ని. పాట అయిపోయేది, చేతులు అలాగే ఉండేవి, ఆ పిల్ల విడిగా గోడవారన కూర్చునేది. కొన్నాళ్ళకు పిల్లలెవరూ ఆమె పక్కన అన్నం కూడా తినడం మానేశారు. నేను నేర్పింది వాళ్ళకు బాగానే వంటబట్టిందని సంబరపడ్డాను.

వానలు మొదలైనప్పుడు కాలువల్లో చల్లమని మున్సిపాలిటీ వాళ్ళు బడికి బ్లీచింగు పొడి బస్తా ఇచ్చారు. పిల్లల్ని కాలువ గట్టున నిలబెట్టి, నేనే చల్లి చూపించి, దీని ముందు ఎంతటి మురికైనా నిలవదు, చచ్చి తీరాల్సిందే అని పాఠం చెప్పి, ఇళ్ళ ముందు చల్లుకోండని ఒక్కొక్కరికీ కాగితంలో గుప్పెడు పొడి పొట్లం కట్టి ఇచ్చాను. ఆ పిల్ల చేతిలో మాత్రం పెట్టకుండా, తగలకుండా పైనుంచి వేశాను.

రెండు రోజుల తర్వాత పొద్దున వరుసలో అందరికంటే ముందు ఆ పిల్లే నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. రెండు చేతులూ నా ముందుకు చాచి, "పోయింది టీచర్, సూడండి" అంది. తెల్లగా పాలిపోయిన చేతులు. నేను మురిసిపోయి, చూశారా, మనసు పెడితే పోని మురికి లేదు అని బడి మొత్తం చేత చప్పట్లు కొట్టించాను. చప్పట్లు ఆగాక గానీ వేళ్ళ మధ్య చర్మం పొరలు పొరలుగా లేచి ఉండటం, లోపలి నుంచి నీరు కారుతుండటం నా కంటపడలేదు. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, పొట్లం మొత్తం సత్తు గిన్నెలో చిక్కగా కలిపి, చేతులు ముంచి కూర్చుందట. మంట పెరిగే కొద్దీ మురికి చస్తోందని ఓర్చుకుందట.

మర్నాడు తల్లి వచ్చింది, గుడ్డలు చుట్టిన చేతులతో ఉన్న కూతుర్ని వెంటబెట్టుకుని. అరవలేదు, తిట్టలేదు. "నూలును పట్టుకున్న రంగు సేతిని పట్టుకోదా టీచరమ్మా? నన్నొక మాట అడిగింటే సెప్పింటాను గదా" అంది.  అంతలో హెడ్మాస్టరు గారు బయటికొచ్చి, పసిపిల్లకు ఆ మందు ఎవరిచ్చారని గట్టిగా అడిగారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ పిల్లకు నేనివ్వలేదు సార్, బస్తాలోంచి దొంగతనంగా తీసుకుపోయి ఉంటుంది అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

ఆ తల్లి సిగ్గుతో చితికిపోయి, అక్కడే అందరి ముందూ కూతురి వీపు మీద రెండు చరిచింది. క్లాసు పిల్లలందరికీ నిజం తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు, నా స్కేలు భయం అలాంటిది. ఆ పిల్ల ఏడవలేదు, నా వైపే చూస్తూ నిలబడింది, నేను చెబుతానని. నేను హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. మూడు నెలలు చూసి ఎర్రసిరాతో పేరు కొట్టేశాను.

రిటైరయ్యే ముందు ఏడాది ఏదో శిక్షణకని ఆలూరు పోయి, షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్ళలోంచి ఒకామె నన్ను పోల్చుకుని దగ్గరికి వచ్చింది. ఆ పిల్లే. నలభై దాటి ఉంటుంది, తల నెరిసింది. నా చూపు ఇంకా కిందికి దిగకముందే ఆమె రెండు చేతులూ కొంగు కిందికి పోయాయి. అలా దాచుకునే, బాగుండావా టీచర్ అని పలకరించి, నా పిల్లల సంగతులు అడిగి, ఆటోలో తన చోటు నాకిచ్చి కింద ఇరుక్కుని కూర్చుంది. నేను ఎండల గురించి మాట్లాడాను. దారి పొడుగునా ఎండల గురించే మాట్లాడాను.

ఇప్పుడు బళ్ళలో బెత్తాలు లేవు, కుళాయి కుళాయికీ సబ్బు ఉంది, ఆ వీధిలో రంగులు వేసే ఇళ్ళు మూతపడి నూలు ఎక్కడి నుంచో రంగుతోనే దిగుతోంది, నల్లటి వేళ్ళ పిల్ల వెతికినా దొరకదు. మంచిదే, మా మనవరాలికి నాలాంటి టీచరు దొరకనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. హెడ్మాస్టరు గారు పోయారు, ఆ తల్లి కూతుర్ని దొంగ అనుకుంటూనే పోయిందని తర్వాత తెలిసింది. ఆ పొట్లం నేనే కట్టి ఇచ్చాను. ఈ మాట చెప్పడానికి ఆ రోజు అర నిమిషం చాలు. ఇన్నేళ్ళకు మీకు చెబుతున్నాను, వినవలసిన వాళ్ళు మీలో ఒక్కరూ లేరు.