కదలని తూటా

తొంభైల చివర్లో భివండీలోని టెంఘర్‌లో మాకు నాలుగు మరమగ్గాల షెడ్డు ఉండేది. నేను డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. మందుగుండు లేకుండా కరెంటుతోనే తూటాను విసిరే రైల్‌గన్ గురించి చదివి, అదెంత పని అనుకున్నాను.

దసరాకు మగ్గాలు ఆపి పూజ చేశాక, అందరి ముందూ నా తుపాకీ పెట్టాను. రెండు రాగి పట్టాలు, రెండు లారీ బ్యాటరీలు, పట్టాల మధ్య తూటాగా, మగ్గంలో నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె తాలూకు పాత ఇనుప మొన. మగ్గంలో ఏది జారాలన్నా ముందు నూనె వేయడం మా అలవాటు. ఆ అలవాటుతోనే పట్టాలకు మగ్గం నూనె దట్టంగా పూశాను.

తీగ ఆనించగానే నీలి మెరుపు మెరిసి నూనె భగ్గుమంది. గోడకు పట్టిన దూది నుసి మీదుగా మంట పైకి పాకింది. మా బాపు కట్టెతో తీగను కొట్టి విడదీసి, తడి గోనెసంచితో గోడంతా బాదాడు. మంట ఆరింది. చూస్తే మొన అంగుళం కూడా కదలలేదు, పట్టాలకు అతుక్కుపోయింది.

"తుపాకీ ఏమోగని వెల్డింగు పక్కాగైంది" అన్నాడు మా మగ్గాలు నడిపే రాజయ్య. అందరూ నవ్వారు.

బాపు నవ్వలేదు. కాలిన పట్టాలను కట్టెతో తట్టి చూశాడు. "ఇసురుడు తర్వాత బిడ్డా. ముందుగాల తొవ్వ మిగలాలె గద."

పెద్ద దేశాల ప్రయోగశాలల్లోనూ పట్టాలు కాలిపోవడమే అసలు తలనొప్పి అని తర్వాత చదివాను. అంటే నేను ఓడింది వాళ్లు ఓడిన చోటే. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ఆ పట్టాలు నా బల్ల మీదే ఉన్నాయి. ప్రతి ఏడూ కొత్త విద్యార్థులు మొనను పట్టుకుని లాగుతారు. ఇంతవరకు ఎవరికీ ఊడలేదు.