గోరు ఆగిన చోటు

"మళ్ళీ అదే దిగుడులో ఏమన్నా అయితే? ఈసారి ఈ బండి మీద బిడ్డ కూడా ఉంటుంది, పెదనాన్నా."

షెడ్డులో బండి ముందు కూర్చున్న సర్వోకో తల ఎత్తలేదు. వినబడలేదేమోనని నింగ్రుమ్ అతని ఎడమవైపుకు జరిగి అదే మాట మళ్ళీ అంది.

"విన్నాలే అమ్మాయ్. ఏం కాదని నేనంటే నీ గుండె కుదుట పడుతుందా?"

"పడుతుంది. అనండి."

"అనను. విప్పకుండా చెప్పేదాన్ని జోస్యం అంటారు. సంతలో బియ్యపు గింజలు చల్లి చెప్పే ముసలమ్మ ఉంది, ఆవిడ దగ్గరికెళ్ళు. మర్యాదగా కూడా మాట్లాడుతుంది."

లోపల పొయ్యి దగ్గర పసుపు పిండిలో ముంచిన సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తున్న అతని భార్య ముర్ని, "ఆ మర్యాదే ఉంటే ఈయన షెడ్డులో ఇంకో నలుగురు కనబడేవాళ్ళు," అని గొణిగింది. పది నెలల బిడ్డ కిరానను నింగ్రుమ్ వీపు మీది గుడ్డ ఉయ్యాలలోంచి తీసి చంకనేసుకున్నది కూడా ఆవిడే.

ఆ పాత మోటారుసైకిలు నింగ్రుమ్ బావగారు హేరుది. దియెంగ్ కొండల మీంచి వొనొసొబో పట్నం వైపు దిగే రోడ్డులో, రెండు బస్తాల బంగాళాదుంపలతో దిగుతూ, ఒక మలుపు దగ్గర బండితో సహా లోయలో పడి చనిపోయాడు. బండి మీద తప్పు లేదని ఊరు ఆ వారంలోనే తేల్చేసింది. పైకి లాక్కొచ్చి కిక్ కొడితే ఇంజను నిక్షేపంగా తిరిగింది మరి! తిరిగే ఇంజనుది తప్పెలా అవుతుంది? కుర్రాడు వేగంగా పోయి ఉంటాడన్నారు. కాదనడానికి తండ్రి కస్బారి దగ్గర మాట లేకపోయింది. హేరు సమాధికి రాయి నిలబెట్టే వెయ్యోరోజు ప్రార్థన దాకా ఆయన ఆ బండి మీది టార్పాలిన్ తియ్యలేదు. ప్రార్థన అయిన మర్నాడు తీశాడు.

"తుప్పు పట్టనివ్వను. తెగుహ్ నడుపుతాడు, కోడలు నడుపుతుంది," అన్నాడు.

తెగుహ్ నింగ్రుమ్ భర్త, హేరు తమ్ముడు. పొలం నుంచి కారెట్లు, దుంపలు దించడానికి ఇంట్లో ఉన్న ఒక్క బండీ చాలడం లేదు. నింగ్రుమ్ కింద ఆరోగ్యకేంద్రంలో రక్తపరీక్షలు చేస్తుంది. బిడ్డను అమ్మగారింట్లో వదిలి పనికి వెళ్ళాలంటే ఆమెకూ ఆ దిగుడే దారి. వద్దని మామగారితో అనలేకపోయింది. సర్వోకో దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తానని మాత్రం అంది.

"ఇంజను చప్పుడు వినమని చెవిటివాడి దగ్గరికా?" అని తెగుహ్ నవ్వాడు.

ఆ పరిహాసం ఊళ్ళో పాతదే. సర్వోకో పడుచు వయసంతా తేయాకు ఫ్యాక్టరీలో ఆకు నలిపే యంత్రాల పక్కన గడిచిపోయింది. కుడిచెవి అక్కడే పోయింది. ఫ్యాక్టరీ వదిలాక రోడ్డు వంపులో రేకుల షెడ్డు వేసి, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే పాతకాలపు పొగ బళ్ళే బాగుచేస్తానని కూర్చున్నాడు. కొత్త బళ్ళు తెస్తే, "దీనికి నేనెందుకు, సబ్బుతో కడుక్కో," అని పంపేసేవాడు. మాట కటువు. పిల్లలు లేరు. పుట్టిన ఇద్దరూ పురిటిలోనే పోయారని ముర్ని ఒకసారి నింగ్రుమ్‌తో అంది. అతను మాత్రం ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. అతనికి ఒక పట్టుదల ఉండేది: పాడైన భాగాన్ని బండి యజమాని తన చేత్తో తడిమి చూసేదాకా కొత్తది వేసేవాడు కాదు. "నా మాట నమ్మకు, నీ గోరును నమ్ము," అనేవాడు. పని తొందరలో ఉన్నవాళ్ళకు అది చిరాకు. చాలామంది ఆ చిరాకుతోనే కింద పట్నంలోని షాపులకు పోయారు.

ఆ ఆదివారం పొద్దున అతను బండిని వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇంటి దగ్గర వేడిచేసి తెచ్చారా?"

"లేదు. వ్యాన్లో వేసుకొచ్చాం."

"మంచిపని. రోగం చలిలోనే నిజం చెబుతుంది. వేడెక్కాక ప్రతి ఇంజనూ పెద్దమనిషే."

నాలుగో కిక్కుకు అందుకుంది. నీలిపొగ షెడ్డంతా కమ్మింది. ఆ పొగలోంచి, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు గలగలమని చప్పుడు వచ్చింది. సర్వోకో పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను సిలిండరు మీద ఆనించి, పిడిని ఎడమచెవి వెనక ఎముకకు అదిమి కళ్ళు మూసుకున్నాడు. అక్కణ్ణుంచి కిందికి జరిగాడు, ఇటువైపు, తరవాత అటువైపు. యాక్సిలరేటరు తిప్పి రేజు పెంచి, ఒక్కసారిగా వదిలాడు.

"అడుగున టక్కుమని కొట్టడం లేదు. కింది బేరింగు బతికే ఉంది. పైన పిస్టను వదులైంది. చూడు, వేడెక్కుతున్నకొద్దీ గలగల తగ్గుతోంది."

"ఉబ్బి సందు నింపుతోంది," అంది నింగ్రుమ్.

"అదే. ఇప్పుడిటు రా. నీ చెవి పెట్టు. సన్నగా టిక్ టిక్‌మని ఏమన్నా ఉందా? ఆ సన్న చప్పుళ్ళు నాకెప్పుడో పోయాయి."

ఆమె పిడికి చెవి ఆనించింది. మొదట అంతా హోరే. ఆ హోరు వెనక, గడియారం లాంటి చిన్న చప్పుడు. గలగల తగ్గుతుంటే అది పెరుగుతోంది.

"ఉంది. వేడికి ఎక్కువవుతోంది."

"పిస్టను రాడ్డు పైకొన బేరింగు," అని అతను ఇంజను ఆపేశాడు. "విప్పుదాం."

హెడ్ తీశాడు, సిలిండరు పైకి లాగాడు. పక్క మూత కూడా ఊడదీసి చూడగానే అతని మొహంలో గెలుపు కనబడింది. లోపలి రబ్బరు సీలు పెదవి చిట్లి ఉంది.

"దొరికాడు దొంగ. ఇక్కడ గాలి పీల్చింది. పెట్రోలు పలచనై, ఇంజను కాలిపోయి, పిస్టను ఇరుక్కుని పట్టేసింది. వెనకచక్రం బిగుసుకుపోయింది. పిల్లాడు పడిపోయాడు. చల్లారాక మళ్ళీ వదిలింది, మీ ఊరివాళ్ళు అది తిరగడం చూసి తీర్పు చెప్పారు. సీలు మార్చేస్తే ఇంక భయం లేదు. చాలా?"

చాలని ఆమెకు ఎంతగానో అనాలనిపించింది. ఒక రబ్బరు ముక్క తప్పు. మార్చేస్తే పోయే తప్పు. కాని చేతిలో హెడ్ నుంచి ఊడదీసిన ప్లగ్ ఉంది. దాన్ని ఆమె వెలుతురులో తిప్పి చూసింది.

"గాలి ఎక్కువై కాలితే ఇది తెల్లగా ఉంటుందని మీరే అనేవారు కదా, పెదనాన్నా? ఇది ఇటుకరంగులో ఉంది. పిస్టను నెత్తి మీద మసి కూడా చెదరలేదు. సీలు మూడేళ్ళ నుంచి ఎండి ఎండి ఇప్పుడు చిట్లిందేమో."

"అయితే నువ్వే విప్పుకో. నేను టీ తాగొస్తా," అని అతను విసురుగా లేచిపోయాడు.

కాని టీ సగంలోనే వదిలేసి వచ్చాడు. పిస్టనును గుడ్డతో తుడిచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పొగ బయటికిపోయే వైపు మాత్రమే కాదు, చుట్టూరా నిలువు గీతలు. రాడ్డు పైకొనలోని చిన్న బేరింగును తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. దాని మీద రాపిడికి నీలం తేలి ఉంది.

"నువ్వన్నదే. కాలిపోలేదు," అన్నాడు. "ఆయిల్ లేక ఎండిపోయింది."

"బావగారు ఆయిల్ కలపకుండా ఎప్పుడూ పొయ్యలేదు."

"ట్యాంకులో ఉండే ఉంటుంది. ఇంజనులోకి రాలేదు." అతను ఆమె వైపు తిరిగాడు. "ఆ అబ్బాయి దిగుడు ఎలా దిగేవాడు?"

"మామయ్య నేర్పినట్టే. మా ఇంట్లో అందరం అలాగే దిగుతాం. చిన్న గేరులో పెట్టి, రేజు పూర్తిగా మూసేసి. ఇంజనే బ్రేకు అంటారాయన."

అంటూ ఉండగానే ఆమె చూపు అతని అరచేతిలోని నీలం తేలిన బేరింగు మీదికి పోయింది.

కస్బారి చాలా ఏళ్ళు కూరగాయల లారీ నడిపాడు. ఆ దిగుడులో బ్రేకులు చచ్చి దొర్లిపోయిన లారీలు ఆయన కళ్ళ ముందే ఎన్నో. ఆయన మాత్రం గేరు వదలకుండా, ఇంజను పట్టు మీదే దిగి బతికాడు. లారీకి అది ప్రాణం నిలిపే పద్ధతి. దాని ఆయిల్ అడుగున వేరే తొట్టిలో ఉంటుంది, రేజు మూసినా పైకి చిమ్ముతూనే ఉంటుంది. ఈ బండికి ఆ తొట్టి లేదు. పెట్రోల్లో కలిసి వచ్చే ఆయిలే దీనికి దిక్కు. రేజు మూస్తే పెట్రోలు ఆగుతుంది, దానితో పాటే ఆయిలూ ఆగుతుంది. చక్రం మాత్రం ఇంజనును గిరగిరా తిప్పుతూనే ఉంటుంది.

"జాగ్రత్తగానే దిగాడన్నమాట," అంది నింగ్రుమ్.

"చాలా జాగ్రత్తగా దిగాడు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. తెగుహ్ ఆ పొద్దున ఇంటి బండి మీద దుంపలు దించడానికి వెళ్ళాడు. అది కొత్తరకం బండి, దాని ఆయిల్ లారీకి లాగే వేరేగా ఉంటుంది, దానికేం కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె రోడ్డు వైపు తొంగి చూసింది.

"మా ఆయనకు నేను చెప్తా. మామయ్యకు మాత్రం వద్దు, పెదనాన్నా. సీలు పోయిందని చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆయన తట్టుకోలేరు."

"ఊళ్ళో కుర్రాళ్ళు మొదటి బండి కొంటే ముందెవరి దగ్గరికి వెళ్తారు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. మసీదు ముందు అరుగు మీద కూర్చుని, దిగుడు ఎలా దిగాలో కస్బారి ప్రతివాడికీ చెబుతాడు. కొడుకు పోయాక ఇంకా గట్టిగా చెబుతున్నాడు, వాడు వినలేదు, మీరైనా వినండని.

ముర్ని లోపలినుంచి, "అబద్ధం చెప్పినా పాపం ఉండదులెండి, ఒక్క ముసలాయన కోసం," అంది.

"ఆయన ఒక్కడే అయితే ఆ అబద్ధం నేనే చెప్పేవాణ్ణి," అన్నాడు సర్వోకో.

మధ్యాహ్నం నమాజు అయ్యాక కస్బారే వచ్చాడు.

"ఏరా చెవిటోడా, నా కొడుకు బండి మొత్తం ఎముకలూడదీసి పెట్టావే! మళ్ళీ అతుకుతుందా, బస్తాలో వేసి ఇస్తావా?"

"కూర్చో అన్నా."

"కూర్చోడానికి రాలేదు. ఏం తేలింది?"

సర్వోకో ఏమీ చెప్పకుండా పిస్టను ఆయన చేతిలో పెట్టాడు. కస్బారి నవ్వుతూనే అందుకున్నాడు. బొటనవేలి గోటిని గీతలకు అడ్డంగా లాగాడు. గోరు ఆగింది. కొంచెం తిప్పి ఇంకోచోట లాగాడు. అక్కడా ఆగింది. చుట్టూ తిప్పుతూ పోయాడు. ఆయన మొహం మీద నవ్వు ఎప్పుడు పోయిందో నింగ్రుమ్ చూడలేకపోయింది.

"ఆయిల్ అందలేదు దీనికి."

"అందలేదు అన్నా."

"కలపలేదా వాడు?"

"కలిపాడు. ట్యాంకు అడుగున ఇంకా జిడ్డుంది, కావాలంటే చూడు."

"మరి?"

"లారీ కాదు కదా అన్నా ఇది. రేజు మూస్తే దీనికి ఏమొస్తుంది?"

కస్బారి ఇంజనుల మధ్య బతికిన మనిషి. ఇంకెవరూ విడమర్చనక్కర్లేదు. ఆయన మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. ముర్ని తెచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది. నింగ్రుమ్ బిడ్డను గుండెకు అదుముకుని గోడవైపు తిరిగింది.

"నా మాట వినలేదని తిట్టుకున్నా," అన్నాడు కస్బారి. "సమాధి దగ్గర కూడా తిట్టా. వేగంగా పోయావురా వెధవా అని."

ఆయన పిస్టనును మళ్ళీ ఒకసారి చేతిలో తిప్పాడు.

"విన్నాడు."

"విన్నాడు అన్నా," అన్నాడు సర్వోకో.

కస్బారి పిస్టనును కోటుజేబులో వేసుకుని లేచాడు. కోడలి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆయన ఇంట్లో మాట్లాడటం దాదాపు మానేశాడు. మసీదు అరుగు మీదికీ పోలేదు. పొద్దున్నే చలికి చెవులకు గుడ్డ చుట్టుకుని, ఊరి చివర దిగుడు మొదలయ్యే చోట నిలబడేవాడు. పొగ బండి కనబడితే అడ్డం పడి ఆపేవాడు. "నేను చెప్పింది తప్పు. రేజు మూసెయ్యకు. మధ్యమధ్యలో తిప్పు, దాన్ని ఆయిల్ తాగనియ్," అనేవాడు. కొందరు ఆగి వినేవారు. కొందరు, "ముందు మూయమన్నావు, ఇప్పుడు తిప్పమంటావు, ఏదో ఒకటి తేల్చుకో తాతా!" అని కేకేసి పక్కనుంచి దూసుకుపోయేవారు. తెగుహ్ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినా, మర్నాడు మళ్ళీ అక్కడే ఉండేవాడు. ఆయన దగ్గు ముదిరింది. వానాకాలంలోనూ అక్కడ నిలబడటం మానలేదు.

ఈలోగా సర్వోకో సిలిండరు లోపలి బోరు కోయించాడు, కొంచెం పెద్ద పిస్టను, కొత్త రింగులు, బేరింగు, సీళ్ళు వేశాడు. చలిలో కిక్ కొట్టి నింగ్రుమ్ చెవికి స్క్రూడ్రైవర్ అందించాడు. టిక్ టిక్ లేదు. ఆమె అడిగిందే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడైనా చెప్పండి పెదనాన్నా. బిడ్డతో దిగొచ్చా?"

"ఇంజనుకు నేను పూచీ. దిగుడులో క్లచ్ మీద రెండువేళ్ళు ఉంచుకో, పట్టేస్తుందనిపిస్తే నొక్కు, చక్రం వదులుతుంది. అంతకుమించి నన్నడగకు." చేతులు తుడుచుకుంటూ ముర్ని చంకలో ఉన్న కిరానను కాసేపు చూశాడు. "ఇంకోటి. ఈ పిల్లకు రేపు నువ్వు చాలా నేర్పుతావు, భయస్తురాలివి కాబట్టి మరీ ఎక్కువ నేర్పుతావు. ఇలా చెయ్, అలా చెయ్యకు అని ఊరుకోకు. ఎందుకో కూడా చెప్పు. ఎందుకో తెలిస్తే, బండి మారిననాడు తనంతట తనే మానేస్తుంది."

కిరానకు ఇంకా మాటలు సరిగా రావు. అయినా పొయ్యి దగ్గరికి పాకితే, మెట్టు అంచుకు వెళితే, నింగ్రుమ్ దాన్ని వెనక్కి లాగి వద్దని ఊరుకోదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎందుకు వద్దో చెబుతుంది.