పెళ్లి వీడియోలో నేను రాల్చిన గులాబీ రేకులు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: బొమ్మను పాడుచేసింది నేనైతే, ఒక పెద్దాయన ఇంట్లో టీవీని దోషిని చేశాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాణ్ణి. దాన్ని ఎడిటింగ్ అనడం కూడా ఎక్కువే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఎఫెక్టులన్నీ తెచ్చి బొమ్మ మీద కుమ్మరించేవాణ్ణి. పెళ్లికూతురు తల తిప్పితే గులాబీ రేకులు, పెళ్లికొడుకు నవ్వితే హృదయం గుర్తు. బిర్యానీ తింటున్న బంధువుల చేత కూడా స్లోమోషన్‌లో నమిలించాను. అది కళ అనుకున్నాను.

ఆ పెద్దాయన సికింద్రాబాద్‌లో రిటైరైన బడిపంతులు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. కూతురి పెళ్లికి వారం ముందు ఆయన భార్య జారిపడి, తుంటి విరిగి మంచం పట్టారు. మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటించేసిన పెళ్లి, ఆపొద్దని ఆమే పట్టుబట్టారట. తండ్రి చెయ్యి పట్టుకుని కూతురు చర్చిలో నడిచి రావడం ఆమె చూడగలిగేది ఇక నా క్యాసెట్‌లోనే.

క్యాసెట్ ఇచ్చిన రెండో రోజే ఆయన వచ్చారు. "బాబూ, బిడ్డ నడుస్తుంటే బొమ్మ దడదడ కొట్టుకుంటున్నది. ఒక మొఖం రెండు మొఖాలైతున్నది. జర చూడుండ్రి."

నా కంప్యూటర్‌లో వేసి చూపించాను. నున్నగా ఉంది.

"మీ టీవీ ముసలిదైంది సార్. ఇది హై క్వాలిటీ. దానికి అరగదు" అన్నాను.

ఆయన క్యాసెట్ తీసుకుని మెట్లు దిగిపోయారు. మర్నాడు దుప్పట్లో చుట్టిన టీవీని ఆటోలో వేసుకొచ్చి, డ్రైవర్ సాయంతో పైకి మోసుకొచ్చారు.

"ఇగో, తెచ్చిన. గీడనే వేసి చూడుండ్రి."

ఆ పెళ్లి తీసిన కెమెరామన్ అప్పుడు గదిలోనే ఉన్నాడు. నాంపల్లి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. టీవీలో బొమ్మ వణకగానే సిగ్గులేకుండా అతని వైపు తిరిగాను. "అన్నా, నీ చెయ్యి వణికినట్టుంది."

అతను కెమెరాను టీవీకి తగిలించి అసలు టేపు వేశాడు. అదే నడక. అదురు లేదు. తర్వాత నా క్యాసెట్ పెట్టి, ఏ ఎఫెక్టూ లేని చోట నడిపించాడు. అక్కడా శుభ్రంగానే ఉంది.

"నువ్వు ముట్టుకోని కాడ మంచిగనే ఉన్నది తమ్మీ. నీ పువ్వులు రాలిన కాడనే దయ్యం వట్టింది. నీ పువ్వులను చూసి నా చెయ్యి వణికిందంటవా?"

పంతులుగారు నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు చూశారు.

సెట్టింగులు తెరిచాను. టీవీ ప్రతి బొమ్మనూ రెండు సగాలుగా, గీత విడిచి గీత వేస్తుంది. ఏ సగం ముందు రావాలో చెప్పే చోట నేను తలకిందులుగా పెట్టాను. ఎఫెక్టు వేసిన చోటల్లా సాఫ్ట్‌వేర్ ఆ తప్పు వరసలోనే బొమ్మను మళ్లీ తయారుచేసింది. కంప్యూటర్ తెర రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తుంది కనుక అందులో తెలియదు. టీవీలో వేసి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసేది. కానీ నా గదిలో టీవీ ఎక్కడిది? ఉన్నదాన్ని అమ్మి ఎఫెక్టుల సీడీలు కొన్నాను.

కెమెరామన్‌కు అక్కడే, పంతులుగారి ముందే క్షమాపణ చెప్పాను. సెట్టింగు మారిస్తే సరిపోయేది. అయినా ఆ నడకను ఉన్నది ఉన్నట్టు చూశాక, దాని మీద మళ్లీ ఏదైనా వేయడానికి చెయ్యి రాలేదు. అన్నీ తీసేశాను.

కొత్త క్యాసెట్‌తో నేనే సికింద్రాబాద్ వెళ్లాను. మంచం మీదున్న ఆమె వద్దన్నారు.

"నాకు ఆనుతలేదు బిడ్డా. నా కండ్లే చెడ్డయి. నన్ను ఓదార్చనీకి మా సారు క్యాసెట్ల తప్పున్నదని చెప్తున్నడు."

"మీ కళ్లు బాగున్నాయమ్మా. టీవీ బాగుంది. కెమెరా పట్టినాయన చెయ్యి బాగుంది. పాడుచేసింది నేను."

"గట్లనా" అన్నారామె. "మరి గా పువ్వులేంది?"

"అవీ నేనేనమ్మా."

క్యాసెట్ వేశాను. నడకలో ఒకచోట పంతులుగారు కూతురి చీర అంచు తొక్కబోయి ఆగుతారు. మొదటి క్యాసెట్‌లో దాని మీద హృదయం గుర్తు పెట్టి కప్పేశాను. ఆమె అది చూసి నవ్వి, మళ్లీ వేయమన్నారు. వీసీఆర్ పక్కన నేల మీద కూర్చుని, చాలనేదాకా వెనక్కి తిప్పుతూ ఉన్నాను.