ఆ సముద్రంలో పొద్దు

దిల్‌సుఖ్‌నగర్‌లో అక్వేరియం చేపలమ్మే అండాలు మధ్యాహ్నం రెండున్నర దాకా అన్నం ముట్టదు. దుబాయిలో పనిచేసే ఆమె భర్త జానయ్య ఒంటిగంటకు తింటాడు. అక్కడి ఒంటిగంటే ఇక్కడ రెండున్నర. తూర్పు ఇండోనేషియా సముద్రం నుంచి కొత్తగా వచ్చిన చుక్కల రాస్ చేప కూడా ఆ వేళకే తొట్టి అడుగు ఇసుకలో దూరి పడుకుంటుంది. దాన్ని కొనాలని రోజూ వచ్చే బెజవాడాయన వీరభద్రరావు ఖాళీగా కనిపించే తొట్టి చూసి, "పట్టపగలు ఇదేం నిద్రమ్మా?" అంటాడు. "దాని సముద్రంల ఇప్పుడే పొద్దుగూకుతది సార్. మన పొద్దు అలవాటైతెనే ఇస్త, లేకుంటె బతకదు," అంటూ అండాలు కొంగుతో అద్దం తుడుస్తుంది.

తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు అండాలు షట్టర్ దించేసి, గాజుల దుకాణం ఆడవాళ్లతో కలిసి పొయ్యి రాజేసింది. పన్నెండింటికే అందరితో పాటు విస్తరి ముందు కూర్చుని, నవ్వుతూ మారు వడ్డించుకుంది. తిరిగొచ్చి షట్టర్ ఎత్తేసరికి రెండున్నర దాటిపోయింది. చేప ఇంకా ఈదుతూనే ఉంది. "అలవాటు పడిపోయిందమ్మా! ఇక ఇచ్చేయండి," అన్నాడు వెనకాలే వచ్చిన వీరభద్రరావు. అండాలు చేపను చూసింది, బల్లమీద మూత తీయని టిఫిన్ డబ్బాను చూసింది. "జర ఆగుండ్రి సార్," అని, కడుపు నిండుగా ఉన్నా డబ్బా విప్పి, చల్లారిన అన్నం కలుపుకొని ఒక్క ముద్ద తిన్నది. ఆ తర్వాతే చేప పట్టే వల అందుకుంది.