సిలిండర్ ఎక్కడ బిగించాలి

2008 ఫిబ్రవరిలో, నేను నాచారంలోని ఒక ఇంజనీరింగ్ కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరుగా ఉండగా, మా డైరెక్టర్ గారు నన్ను పిలిచి ఒక కొత్త పని అప్పగించారు. ఆయన మేనల్లుడు విక్రమ్ ఒక చిన్న కార్ల క్లబ్బుకు కార్యదర్శి. ఆ క్లబ్బు ఉప్పల్ దాటాక ఒక ఖాళీ మైదానంలో పోటీ పెడుతోంది. కార్లను తనిఖీ చేయడానికి వాళ్లకు ఒక మనిషి కావాలి. రెండు ఆదివారాలు వెళ్లిరమ్మన్నారు. ఆదివారం నాకు చర్చి ఉంటుందని చెప్పాను. ప్రార్థన పొద్దున్నే అయిపోతుంది కదమ్మా అన్నారాయన. మల్కాజిగిరిలో మా పాస్టరు గారి ప్రసంగం ఎంతసేపు సాగుతుందో ఆయనకు తెలియదు.

సేఫ్టీ ఆఫీసరంటే హెల్మెట్ పెట్టుకోమని పోరే మనిషి అనుకుంటారు చాలామంది. పని ఎక్కడ ప్రమాదానికి దారితీస్తుందో ముందే చూసి, అవసరమైతే ఆ పనిని ఆపించడం నా ఉద్యోగం. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. నిప్పు, పెట్రోలు, బరువైన వస్తువుల గురించి మాత్రం బాగానే తెలుసు. క్లబ్బు వాళ్ల నిబంధనల పుస్తకాన్ని వారం రోజులు చదివాను. చదవాల్సిన వాళ్లలో నేనొక్కదాన్నే చదివానని తర్వాత అర్థమైంది.

పోటీదారులెవరూ వృత్తి రేసర్లు కారు. ఏఎస్ రావు నగర్‌లో ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మెకానిక్‌లు, వ్యాపారులు. పాత కార్లు కొని, లోపలి సీట్లూ పరుపులూ పీకేసి, రోల్ కేజ్ అనే ఇనుప గొట్టాల చట్రం బిగించుకుని వచ్చేవారు. కారు పల్టీ కొట్టినా పైకప్పు నెత్తిమీద పడకుండా ఆ చట్రం కాపాడుతుంది. రియల్ ఎస్టేటు వాళ్లు చదును చేసి వదిలేసిన నేల మీద ప్లాస్టిక్ కోన్‌లతో మెలికల దారి గీసేవారు. కార్లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. పోటీ గడియారంతోనే. కాబట్టి ఇంకో కారు గుద్దుతుందనే భయం లేదు. భయమల్లా పల్టీ, మంట, కారు లోపల ఎగిరే వస్తువులు.

మొదటి ఆదివారం తనిఖీకి వచ్చిన కార్లను చూసి నాకు తల తిరిగింది. ప్రతి కారులో మంటలార్పే ఫైర్ సిలిండర్ ఉండాలన్నది నిబంధన. అందరి దగ్గరా ఉంది. ఒకాయన డిక్కీలో పెట్టి, రంగు పోకుండా పాలిథిన్ కవరు కూడా తీయలేదు. ఇంకొకాయన, వాడేముందు లాగాల్సిన సిలిండర్ పిన్ను ఎక్కడ ఊడిపోతుందోనని దారంతో గట్టిగా ముడివేశాడు. ఒక కారులో బ్యాటరీని ఆపే కిల్ స్విచ్ చక్కగా ఎర్రరంగు వేసి ఉంది. తిప్పి చూస్తే ఇంజన్ ఆగలేదు. స్విచ్ వెనక వైరు కలపలేదు.

అందరికంటే ఎక్కువ విసిగించినవాడు శ్రీశైలం. ఉప్పల్‌లో టైర్ల దుకాణం, ముప్పై అయిదేళ్ల వయసు, నవ్వు ముఖం. అడిగినవాళ్లకు లేదనకుండా ఏదైనా ఇచ్చేసే మనిషి. అతని సిలిండర్ వెనక భాగంలో ఒక దిండు మీద పడుకుని ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది?" అని అడిగాను.

"కార్ల ఉండాలె అన్నరు. ఉన్నది గద మేడమ్."

"బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు ముందు మంట లేస్తే దీన్నెట్లా తీస్తావు?"

"ఏమున్నది, జల్ది దిగి, ఎనక డోరు తీసి పట్టుకుంట."

"దిగగలిగితే ఇంక దీంతో పనేముంది?"

అతను "గది గూడ కరెక్టే మేడమ్" అన్నాడు. దిండు మాత్రం తీయలేదు.

అందరినీ నిలబెట్టి మళ్లీ చెప్పాను. సిలిండర్ డ్రైవరు సీటుకు ముందు అంచున, కారు నేల మీద అడ్డంగా ఉండాలి. బెల్టు బిగించుకుని కూర్చుని ఒంటిచేత్తో తీయగలగాలి. చుట్టూ పట్టి ఉంచే ఇనుప క్లాంపుతో, కారు అడుగు రేకులోంచి దూర్చిన బోల్టులతో బిగించాలి. కింద పెద్ద వాషర్లు వేయాలి. ప్లాస్టిక్ ట్యాగులూ, అతికించే టేపులూ పనికిరావు. కారు ఒక్కసారిగా ఆగితే, బిగించని సిలిండర్ విసిరిన రాయి అవుతుంది. ఒకరి సిలిండర్‌నే మరొకరు తెచ్చి చూపిస్తున్నారని గమనించాక, ప్రతి దాని మీదా పెయింటుతో కారు నంబరు వేయించాను. విక్రమ్ నా పక్కకు వచ్చి, "మేడమ్, వీళ్లంతా సరదాకి వస్తారు, కొంచెం లైట్ తీసుకోండి" అన్నాడు. మంటకు సరదా తెలియదని చెప్పాను. అతను ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

రెండో ఆదివారం పోటీ. శ్రీశైలం కారు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. క్లాంపు కొత్తది, బోల్టులు సరైనవి, వాషర్లు నేను చెప్పినదానికన్నా పెద్దవి. కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, కళ్లు మూసుకుని సిలిండర్ తీయమన్నాను. తీశాడు. అద్దం మీద తనిఖీ స్టిక్కరు అంటించి సంతకం పెట్టాను. అతని భార్య సునీత షామియానా కింద కూర్చుని, నన్ను చూసి, "ఇంట్ల ఒక్క మేకు కొట్టమంటే నెల చేస్తడు మేడమ్, మీరు చెప్పంగనె చేసిండు" అంది. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నం తర్వాత శ్రీశైలం మిత్రుడు మహేశ్ ఆలస్యంగా తనిఖీకి వచ్చాడు. సిలిండర్ ఉంది, క్లాంపు లేదు. కుదరదని పంపించేశాను. కాసేపటికి క్లాంపు బిగించుకుని వచ్చాడు. చూశాను, సరిగానే ఉంది, పాస్ చేశాను. అది ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. అది అడగాలని నిబంధనల పుస్తకంలోనూ లేదు.

నాకు తర్వాత తెలిసింది, దాన్ని శ్రీశైలం తన కారులోంచి విప్పి ఇచ్చాడు. తన రెండో రౌండుకు ఇంకా టైముంది, ఈలోగా మహేశ్ తిరిగి ఇచ్చేస్తాడు అనుకున్నాడు. విక్రమ్ వరస మార్చి శ్రీశైలాన్ని ముందుకు పిలిచాడు. అతను సిలిండర్‌ను సీటుకూ గేర్ రాడ్డుకూ మధ్య ఇరికించి, స్టార్ట్ లైన్ మీదికి వెళ్లాడు. అద్దం మీద నా స్టిక్కరు ఉంది కాబట్టి అక్కడ ఎవరూ లోపలికి తొంగిచూడలేదు.

నేను ముగింపు గీత పక్కన నిలబడి ఉన్నాను. చివర్లో ఒక పొడవాటి తిన్నని దారి, తర్వాత గట్టిగా బ్రేకు వేసి కోన్‌ల మధ్య ఆగాలి. ఆ కోన్‌ల వెనక ఒక వరస టైర్లు, వాటి వెనక షామియానా. కారు తిన్నని దారిలోకి వచ్చింది. బ్రేకు వేయాల్సిన చోటు దాటింది. వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. మొదట పొగరుగా నడుపుతున్నాడనుకుని తిట్టుకున్నాను. అంతలో కారు కోన్‌లను ఎగరగొట్టింది. షామియానా కింద జనం లేచి పరుగెత్తారు.

శ్రీశైలం హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగ్‌ను పక్కనున్న మట్టికుప్ప వైపు తిప్పేశాడు. కారు కుప్ప ఎక్కి, ఎడమవైపుకు తిరగబడి ఆగింది. ఇంజన్ దగ్గర పొగ లేచింది. పెట్రోలు వాసన వస్తోంది. బానెట్ అంచున బయటి కిల్ స్విచ్ ఉంటుంది. దారి పక్కన కాపలా ఉండే ఒక మార్షల్ దాన్ని తిప్పాడు, ఇంజన్ ఆగింది. నేను మైదానంలో విడిగా ఉంచిన సిలిండర్ తీసుకుని పరుగెత్తి, బానెట్ సందులోకి పొడి కొట్టాను. మంట పెద్దది కాకముందే ఆరింది. శ్రీశైలం బెల్టుకు వేలాడుతున్నాడు. ఇద్దరు కుర్రాళ్లు బెల్టు ఊడదీయబోతే గట్టిగా అరిచాను. మనిషిని కింద నుంచి పట్టుకోకుండా బెల్టు విప్పితే మెడ మీద పడతాడు. నలుగురు పట్టుకున్నాక విప్పాం. బయటికి తీసి నేలమీద పడుకోబెట్టాం.

అతని కుడిపాదం ఎముక విరిగింది. ముందుకు దొర్లిన సిలిండర్ బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంది. దాని మీద అతను బలమంతా పెట్టి తొక్కాడు. సంగతి అప్పుడే బయటపడింది. మహేశ్ ఏడుపు ముఖంతో క్లాంపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సునీత ఒకసారి దాన్ని చూసింది, ఒకసారి నేలమీద పడుకున్న భర్తను చూసింది.

"అది గూడ ఇచ్చినవా? పక్కింటోళ్లకు గ్యాస్ బండ ఇస్తివి, మొన్న నీ చెప్పులిస్తివి. ఇగ పానం గూడ ఇస్తవా?"

"ఒక్క రౌండే గద అనుకున్న" అన్నాడు శ్రీశైలం.

"నేను గీడనే కూసున్న. నాకాడికే వస్తున్నది కారు. నీకు కనబడ్డనా?"

"కనబడ్డవు. అందుకే మట్టిలకు తిప్పిన."

దవాఖానాకు తీసుకెళ్లే బండిలో ఆమె అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇంతవరకు జరిగింది ప్రమాదం. దాన్ని నేను అర్థం చేసుకోగలను. తర్వాతి వారం జరిగిందే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఏఎస్ రావు నగర్‌లో ఒక హోటల్ పైఅంతస్తులో క్లబ్బు కమిటీ సమావేశమైంది. విక్రమ్ పెట్టిన ప్రతిపాదన: ఇకపై కార్లలో ఫైర్ సిలిండర్ అక్కర్లేదు. "టెక్నికల్‌గా చూస్తే సిలిండర్ వల్లే కదా మేడమ్ యాక్సిడెంట్ అయింది" అన్నాడు. సగం మంది తలూపారు. పళ్ల డాక్టరు గారు కూడా ఊపారు. ఊతకర్రలతో వచ్చిన శ్రీశైలాన్ని అడిగితే, "అబద్ధమెందుకు మేడమ్, సిలిండర్ లేకుంటే బ్రేకు పడుతుండె" అన్నాడు.

నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. ఆదివారాలు వదులుకుని, ఎండలో నిలబడి చెప్పినదంతా వాళ్లకు ఇలా అర్థమైంది. కోపం దిగమింగి ఒక్కటే అడిగాను. మొన్న ఇంజన్ దగ్గరి మంటను దేంతో ఆర్పాం? ఆ సిలిండరూ ప్రమాదకరమేనా? బోల్టు ఉంటే బ్రేకు పడేదా, పడకపోయేదా?

జవాబిచ్చింది సునీత. భర్తను దింపడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "మేడమ్ చెప్పినట్టు జేస్తె చేయున్రి. లేకుంటె ఈయన కారు తాళం నాతాన్నె ఉంటది. ఇంటికి పోదాం పా" అంది. శ్రీశైలం వెంటనే మేడమ్ చెప్పినట్టే చేద్దామన్నాడు. అతను అన్నాక మహేశ్ అన్నాడు. ప్రతిపాదన పోయింది.

నేను పెట్టిన షరతు చిన్నది. ఉదయం తనిఖీ ఎట్లాగూ ఉంటుంది. దానికి తోడు, ప్రతి రౌండుకు ముందు స్టార్ట్ లైన్ మీదే ఒకరు కారులోకి వంగి సిలిండర్‌ను చేత్తో గుంజి చూడాలి. ఉదయం పాసైన బోల్టు మీద, నట్టు మీద కలిపి ఒక పెయింటు గీత గీస్తాం. ఎవరు విప్పినా గీత కలవదు. గీత కలవని కారు కదలదు.

తర్వాతి పోటీకి శ్రీశైలం పాదానికి ఇంకా కట్టు ఉంది. కారు నడపలేడు కాబట్టి గుంజి చూసే పని అతనికిచ్చాను. అది ఇంకో తలనొప్పి అయింది. ప్రతి సిలిండర్‌నూ ఊడొచ్చేదాకా గుంజేవాడు. గీత అరవెంట్రుక పక్కకున్నా కారు వెనక్కి తోయించేవాడు. మహేశ్‌ను రెండుసార్లు తోయించాడు. వరస పెరిగి, విక్రమ్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మేడమ్, మీరైనా చెప్పండి" అన్నాడు. చెప్పడానికి వెళ్తే శ్రీశైలం, "మహేశ్ ఒక్క రౌండే గదా అంటుండు మేడమ్, నాకే చెప్తుండు" అన్నాడు. నేను వచ్చిన దారినే తిరిగొచ్చాను.

ఆ మైదానంలో ఇళ్లు లేచేదాకా, అంటే ఇంకో మూడేళ్లు, ఆ పని చేశాను. ఆ తర్వాత ఏ కారులోనూ సిలిండర్ జారలేదు. ఈ సంగతి చూశాక కర్మాగారంలోనూ ఒక పద్ధతి మార్చాను. వెల్డింగ్ పనికి ఇచ్చే అనుమతి మీద పొద్దున్నే ఆఫీసులో సంతకం పెట్టడం మానేశాను. వెల్డర్ నిప్పు వెలిగించే చోట, వెలిగించబోయే ముందు, చుట్టూ చూసి పెట్టేదాన్ని. అందరూ విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. భద్రతా పరికరం ఉందా అన్న ప్రశ్నకు దాదాపు ఎప్పుడూ ఉందనే జవాబు వస్తుంది. అడగాల్సింది అది ఇప్పుడు ఎక్కడుంది, కుదుపుకు అక్కడే ఉంటుందా అని. ఆ ప్రశ్న పని మొదలయ్యే చోట అడగాలి, చేత్తో పట్టి చూసి అడగాలి.